గోడకి అతికిన పక్క

ఆ పెట్టె రాకముందు ఆ భవనంలో పన్నెండు వాటాల వాళ్ళెవరూ ఇంట్లో వస్తువులకి భయపడేవారు కాదు. ఒక్క జాగ్రత్తమ్మ తప్ప.

ఆవిడ అసలు పేరు అద్దె కాగితంలో ఉంది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. మెట్లు ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ "జాగ్రత్త, జాగ్రత్త" అని చెప్పీ చెప్పీ ఆ మాటే ఆవిడకి పేరైంది. మెట్ల మీద ఊరికే నిలబడ్డవాళ్ళకి కూడా చెప్పేది. నిలబడ్డవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు కదలక తప్పదు కదా అని.

ఏడో తరగతి దాకా చదువుకుంది. అక్షరం కనబడితే వదలదు. చదివింది చదివినట్టు తన ఇంట్లోనే జరుగుతుందని నమ్మడం మాత్రం బళ్ళో నేర్పింది కాదు, పుట్టుకతో వచ్చింది. ఎక్కడో ఎవరి ఇంట్లోనో మిద్దె పెచ్చు ఊడిందని పేపర్లో చదివితే, ఆ రోజు మంచం జరిపేది. మర్నాడు జరిపిన చోట కూడా మిద్దె ఉందని గుర్తొచ్చి మళ్ళీ జరిపేది.

ఆవిడ భర్త పుస్తకాలు బైండింగు చేస్తాడు. మొదటి అంతస్తులో వాళ్ళ వాటా ముందుగదే ఆయన పనిగది. మాట పొదుపు మనిషి. జిగురు మాత్రం ధారాళంగా వాడతాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మందేదో కలిపి ఆయన చేసే జిగురుకి చుట్టుపక్కల బాగా పేరుంది. ఆయన అంటించిన అట్ట చిరగొచ్చు గానీ ఊడదని కాలేజీ పిల్లలు కూడా ఒప్పుకుంటారు.

ఇక పెట్టె సంగతి. వినియోగదారుల సమాచార కేంద్రం అని ఒకటుంది. ఇంట్లో వాడే వస్తువులు ఎలా కొనాలో, ఎలా వాడాలో కరపత్రాలు అచ్చు వేసి, ఇళ్ళకీ సంఘాలకీ అడిగితే పంపిస్తుంది. భవనంలోని మహిళా సంఘానికి అధ్యక్షురాలు రిటైరైన టీచరుగారు. ఆవిడ ఉత్తరం రాసి తెప్పించింది. గ్యాసు పొయ్యి, కుక్కరు, ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచే హీటరు, మందుల తేదీలు, పిల్లల బొమ్మలు, చలువ కళ్ళద్దాలు, తూకపు రాళ్ళు, ఇలా నలభై రెండు రకాలు, రకానికొకటి.

"వీటి బాధ్యత ఎవరు తీసుకుంటారు?" అని అడిగింది టీచరుగారు మీటింగులో, పెట్టె తాడు కూడా విప్పకుండానే.

అందరూ జాగ్రత్తమ్మ వైపు చూశారు. ఆవిడ కూడా వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడే ఉంది.

నాలుగు రోజుల్లో నలభై రెండూ చదివింది. ప్రతి దానికీ ఎర్ర అంచు, పైన బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో ఏమేం జరగొచ్చో వివరంగా ఉంది. ఒక్కొక్కటీ చదవడం పూర్తయ్యేసరికి చేతులు చల్లబడేవి. వేడి గిన్నె దించినట్టు గబుక్కున కింద పెట్టేసి, గుండె కుదుటపడ్డాక ఇంకోటి తీసేది. ప్రతి కాగితం మీదా కింద కుడి మూల ఒక వంకర బాణం గుర్తుంది. అది ఎందుకా అని ఒక పూట ఆలోచించింది. ఒకటి చదివాక పక్కదానికి వెళ్ళమని చెబుతున్నారని అర్థం చేసుకుంది. ఎంత బాధ్యత గల మనుషులో అనుకుంది.

"ఏమండీ, కాస్త జిగురు కావాలి" అంది భర్తతో.

"ఎంత?"

"మూడు గోడలకి."

ఆయన ఎందుకని అడగలేదు. బకెట్టుడు ఉడికించి ఇచ్చాడు. "గోడకి పూయి, కాగితానిక్కాదు. ముడతలు పడుతుంది" అన్నాడు. ఆ వారంలో ఆయన మాట్లాడిన వాటిలో అదే పెద్ద మాట.

కింది అంతస్తులో ఒకప్పుడు నీళ్ళ మోటారు ఉండే గదే సంఘం గది. ఒక్క కిటికీ, ఒక్క ట్యూబులైటు, ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, మూల గట్టు మీద టీ పొయ్యి. తలుపు పక్కనుంచి మొదలుపెట్టి, ఒకదాని బాణం ఇంకోదాన్ని చూపేట్టు, నలభై రెండూ మూడు గోడల మీద వరసగా అంటించింది. చివరి బాణం కిటికీని చూపించింది.

నెల తిరిగేసరికి భవనం వేరే భవనమైంది. రెండో అంతస్తు టైలరమ్మ ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి, అది చల్లారేదాకా ఎదురుగా కుర్చీ వేసుకుని దాన్నే చూస్తూ కూర్చునేది. మేడ మీది పెన్షను తాతగారు మందుసీసాలన్నీ వరండాలో వరసగా పెట్టుకుని, ఏది మింగాలో తెలీక, ఏదీ పారెయ్యలేక, వాటికి కాపలా ఉండేవారు. ఇదివరకు మీటింగుకి నలుగురొస్తే గొప్ప. ఇప్పుడు ఇరవై కుర్చీలూ నిండుతున్నాయి. ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే అందరికీ భయం పట్టుకుంది. దీన్ని టీచరుగారు సంఘం నివేదికలో "చైతన్యం" అని రాసింది.

జాగ్రత్తమ్మ ఇంట్లో సంగతి చెప్పక్కర్లేదు. కుక్కరు పొయ్యి మీద పెట్టి పక్కగదిలోకి వెళ్ళి, తలుపు చాటునుంచి కూతలు లెక్కపెట్టేది. నీళ్ళ హీటరు వైరు చుట్టి అటక మీద పెట్టించింది. అప్పట్నుంచి భర్త చన్నీళ్ళే పోసుకుంటున్నాడు, ఆ విషయం మీద కూడా ఏమీ అనకుండా. మనవరాలి నీళ్ళు మాత్రం మేడ మీద ఎండలో పళ్ళెం పెట్టి కాచేది. మబ్బు పట్టిన రోజు పిల్లకి స్నానం లేదు.

అసలు ఆవిడ ప్రాణమంతా ఆ మనవరాలి మీదే ఉంది.

కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించే పని చేస్తుంది. అల్లుడు సరుకుల లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. పురుడు పోసుకున్నాక కూతురు సెలవు పెట్టి, బిడ్డతో ఇక్కడే ఉంటోంది. పిల్లకి ఎనిమిది నెలలు నిండాయి. సోమవారం నుంచి కూతురు పనిలో చేరాలి. పగలంతా పిల్ల అమ్మమ్మ దగ్గర. ఆ మాట కూతురు కడుపుతో ఉన్నప్పుడే అనుకున్నారు. ఆ సోమవారం కోసం జాగ్రత్తమ్మ ఎనిమిది నెలలుగా రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఒడి నిండా పిల్లే, ఇల్లంతా పిల్లే, సాయంత్రం దాకా అడిగేవాళ్ళు లేరు.

అందుకనే పిల్ల బొమ్మలు ముందే పరీక్ష చేసి పెట్టింది. ముప్ఫయ్యో కరపత్రం ప్రకారం గిలక్కాయలో గింజలుంటాయి కాబట్టి అది పోయింది. బొమ్మకి కళ్ళు ఊడతాయి కాబట్టి బొమ్మ పోయింది. రబ్బరు బాతుకి రంగు ఉంది కాబట్టి బాతు పోయింది. అన్నీ ఒక అట్టపెట్టెలో పడి అటకెక్కాయి. చివరికి చెక్క గరిటె ఒకటి మిగిలింది. దానికి పేడు లేస్తుందేమోనని మర్నాడు అది కూడా వెళ్ళిపోయింది. పిల్ల తన కాలు తనే పట్టుకుని ఆడుకోవడం మొదలుపెట్టింది. కాలికి కరపత్రం లేదు.

"అమ్మా, దానికి ఆడుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వవే" అంది కూతురు.

"ఆడుకుంటోందిగా."

"అది దాని కాలు."

"శుభ్రంగా కడిగానే."

కూతురు ఇంకేమీ అనలేదు. తండ్రి పోలిక.

సోమవారానికి రెండు రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం, సంఘం మీటింగు పెట్టారు. మెట్ల దగ్గర చెప్పులు ఎటు తిప్పి విడవాలి అన్నది చర్చ. టీచరుగారు టీ పెట్టి, వచ్చి కుర్చీలో కూర్చుంది. టీ పొంగి పొయ్యి ఆరింది. చెప్పుల మీద చర్చ వేడిగా ఉండటంతో ఎవరూ చూసుకోలేదు.

"ఏదో వాసనొస్తోందే" అంది టైలరమ్మ కాసేపటికి.

"గ్యాసే" అంది టీచరుగారు ముక్కు ఎగబీల్చి. "ఎవరూ కంగారు పడకండి. మన దగ్గర సమాచారం ఉంది."

ఇరవై మందీ క్రమశిక్షణగా లేచి గోడ దగ్గరికి వెళ్ళారు. గ్యాసుది తొమ్మిదో కరపత్రం. జాగ్రత్తమ్మకి అది చూడక్కర్లేదు, నోటికొచ్చు. పాఠంలా అప్పజెప్పింది.

"గ్యాసు గాలికన్నా బరువు. కంటికి కనబడదు. నేల మీద పరుచుకుంటూ పోతుంది. ఒక్క చిన్న నిప్పురవ్వ చాలు..."

అందరూ నేల వంక చూశారు. ఇద్దరు వెనక్కి పరిగెత్తి కుర్చీలెక్కారు.

"అది సరే అక్కా, ఇప్పుడేం చెయ్యాలి?" అంది టైలరమ్మ.

"బాణం చూడు చెల్లీ."

బాణం వెంట పదో కరపత్రానికి వెళ్ళారు. తూకపు రాళ్ళలో మోసాలు. దాని బాణం పదకొండోది చూపించింది. నాసిరకం చలువ కళ్ళద్దాల వల్ల చూపు పోవచ్చు. టీచరుగారు అద్దాలు సవరించుకుని, "దీనికీ దానికీ సంబంధం లోతుగా ఉన్నట్టుంది" అంది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ముందున్నవాళ్ళు చదువుతుంటే వెనకున్నవాళ్ళు "ఏముంది, ఏముంది?" అని తోసుకుంటున్నారు. అలా మూడు గోడలూ తిరిగి కిటికీ దగ్గర ఆగారు.

"బయట కూడా ఏమైనా అంటించావా అక్కా?" అంటూ టైలరమ్మ కిటికీ తెరిచి తొంగి చూసింది. ఆ గోడ వల్ల ఆ మధ్యాహ్నం జరిగిన మేలు ఆ ఒక్కటే.

"ఎక్కడో ఒకటి దాటేసి ఉంటాం. మొదట్నుంచి చూద్దాం. చీకటిగా ఉంది, ఉండండి లైటు వేస్తాను" అంటూ టీచరుగారు స్విచ్చు మీదికి చెయ్యి చాపింది.

"వెయ్యకండి!"

గుమ్మంలో కూతురు నిలబడి ఉంది, చంకలో పిల్లతో. అమ్మని పిలుద్దామని దిగి వచ్చింది.

"లైటు ముట్టుకోకండి టీచరుగారూ. ఫోన్లు కూడా తియ్యకండి. అందరూ బయటికి నడవండి."

గుమ్మానికి దగ్గరగా ఉన్నది జాగ్రత్తమ్మే. నిప్పురవ్వ దగ్గర ఆగిపోయి, నోరు తెరిచి, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కూతురు ఆవిడ మొహం చూసింది. చూసి, ఆవిడ పక్కనుంచి చెయ్యి చాపి పిల్లని టైలరమ్మకి ఇచ్చింది.

"పిన్నీ, దీన్ని బయటికి తీసుకెళ్ళు."

తర్వాత లోపలికి వెళ్ళి పొయ్యి మీట కట్టేసింది, సిలిండరు కట్టేసింది, తలుపు బార్లా తీసింది, అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకొచ్చింది. అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు. జాగ్రత్తమ్మకి మాత్రం ఆ నిమిషంలో ఒక్కటే కనిపించింది. తన మీదుగా, తనని దాటి, టైలరమ్మ చేతుల్లోకి వెళ్ళిన పిల్ల.

వాకిట్లో అందరూ నిలబడ్డారు.

"ఇవన్నీ నీకెలా తెలుసమ్మా?" అడిగింది టీచరుగారు.

"ఈ కరపత్రాలన్నీ మా దుకాణంలో కూడా బల్ల మీద ఉంటాయండీ. వెనక రాసి ఉంటుంది కదా."

"దేని వెనక?"

"కాగితం వెనక. ముందు పక్క ఏం జరుగుతుందో ఉంటుంది. వెనక పక్క ఏం చెయ్యాలో ఉంటుంది. కింద బాణం వేస్తారుగా, తిప్పమని."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. తెరిచిన తలుపులోంచి గోడ కనిపిస్తూనే ఉంది. నలభై రెండు ఎర్ర అంచుల కాగితాలు, వంక పెట్టడానికి లేనంత నున్నగా అతుక్కుని ఉన్నాయి.

"వెనక చిన్న అక్షరాలు ఉన్నాయే" అంది జాగ్రత్తమ్మ. "అచ్చు వేసినవాళ్ళ అడ్రసు అనుకున్నాను."

టైలరమ్మ పిల్లని ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుంది. "అయితే నెల్రోజులుగా మనం సగమే భయపడ్డామన్నమాట" అంది.

"కాదు పిన్నీ. మొత్తం భయపడ్డారు. మిగతా సగం వేరేది."

సాయంత్రం కూతురు తల్లి పక్కన వచ్చి కూర్చుంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే జాగ్రత్తమ్మకి తేలిగ్గా ఉండేది.

"అమ్మా, ఏ వస్తువు వల్ల ఏమవుతుందో నీకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. కానీ అయినప్పుడు ఏం చెయ్యాలో నీకు తెలీదు. నిలబడిపోతావు. రేపు నేనక్కడ అద్దం బిగిస్తుంటే, ఇక్కడ నువ్వు నిలబడిపోతే, పిల్ల సంగతేంటే?"

"నేనేం కావాలని నిలబడ్డానా?"

"కావాలని కాదనే కదా నా భయం."

దుకాణం వెనక వీధిలో డే కేర్ ఒకటి ఉందనీ, ఫారం తెచ్చాననీ చెప్పింది. ఫారం బల్ల మీదే ఉంది, కళ్ళజోడు పెట్టె కింద. కూతురు లేచి వెళ్ళాక జాగ్రత్తమ్మ వంగి చూసింది. పిల్ల వయసు, బరువు, పాలు పట్టే వేళలు, తల్లి ఫోను నెంబరు, గుండ్రటి అక్షరాలతో పేజీ నిండా నింపి ఉంది. చదవడం పూర్తి కాకుండానే చేతులు చల్లబడ్డాయి. గబుక్కున పెట్టేసింది.

ఆదివారం పొద్దున్నే భర్త దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఏమండీ. అవన్నీ ఊడదియ్యాలి."

ఆయన చేతిలో సూది ఆగింది. "నా జిగురా?"

"మీ జిగురే."

"ఊడదు."

"ఊడాలండీ. లేకపోతే పిల్లని వేరే చోట వదులుతుందట."

ఆయన ఆవిడ వైపు కాసేపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఏదో జరుగుతుందని ఆయనతో కొన్ని వేలసార్లు చెప్పి ఉంటుంది. ఈసారి మాత్రం జరిగేదే చెప్పింది. సూది గుచ్చి పెట్టి, పాత పంచె చింపి, నీళ్ళు వేడి చెయ్యడానికి లేచాడు. అప్పుడు గుర్తొచ్చి, అటక మీంచి హీటరు దించాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది.

తడిగుడ్డ కాగితం మీద పరిచి పావుగంట ఉంచాలి. తర్వాత బైండింగు పనికి వాడే సన్నటి బద్దని మూలనుంచి దూర్చి, ఊపిరి బిగబట్టి, వేలెడు వేలెడు చొప్పున లేపాలి. తన జిగురు మీద తనే పనిచెయ్యాల్సి రావడం ఆయనకి కష్టంగానే ఉంది. కానీ మొదటి కాగితం చిరక్కుండా వచ్చేసరికి మొహంలో ఒక గర్వం, అది ఏ పక్కదో ఆయనకే తెలియాలి. టైలరమ్మ వచ్చి ఆరేసింది. టీచరుగారు వచ్చి నెంబర్లు వేసింది. పెన్షను తాతగారు మందుల కరపత్రం ఊడేదాకా కదలనని కుర్చీ వేసుకున్నారు. వెనక పక్క చదివి, లేచి, నాలుగు సీసాలు పారెయ్యడానికీ రెండు సీసాలు డాక్టరుకి చూపించడానికీ వెళ్ళిపోయారు. నెల్రోజుల కాపలా తర్వాత ఆ వరండా ఖాళీ అయింది.

జాగ్రత్తమ్మ ఊడిన ప్రతి కాగితం అందుకుని, తడి తుడిచి, వెనక పక్క చదివింది. మొదట్లో ఆవిడకి కాస్త కోపం కూడా వచ్చింది. ఎందుకంటే అవి చాలా చిన్నవి. ముందు పక్క పేజీడు ప్రమాదం. వెనక అయిదు లైన్లు.

కుక్కరు. రబ్బరు చుట్టు ఏడాదికోసారి మార్చండి. మూత మీది గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి, అవతలి వెలుగు కనబడుతోందో లేదో చూసుకుని వాడండి.

"ఇంతేనా?" అంది ఆవిడ.

"ఇంతే" అన్నాడు భర్త, ముప్ఫయ్యోది లేపుతూ.

ముప్ఫయ్యోది బొమ్మలది. వెనక, గొంతుకి ఏదైనా అడ్డం పడితే ఏం చెయ్యాలో చెప్పాక, ఇలా ఉంది: వంటింటి టిష్యూ కాగితం చుట్టి వచ్చే అట్టగొట్టంలోంచి జారిపోయేంత చిన్న వస్తువేదీ పసివాళ్ళకి ఇవ్వకండి. భాగాలు ఊడతాయేమో గట్టిగా లాగి చూడండి. జారిపోనివీ, ఊడనివీ ఇవ్వవచ్చు.

ఆ చివరి మాట దగ్గర ఆవిడ ఆగిపోయింది. ఇవ్వవచ్చు. నలభై రెండు కాగితాల ముందు పక్కల్లో ఎక్కడా ఆ మాట లేదు. మళ్ళీ చదివింది. అచ్చుతప్పేమోనని భర్తకి చూపించింది.

"ఇవ్వవచ్చనే ఉంది" అన్నాడాయన.

అట్టపెట్టె దించారు. ఆయన పనిగదిలో అట్టగొట్టాలకి కొదవలేదు, కొలత సరిపోయేది వెతికి ఇచ్చాడు. ఆవిడ ఒక్కో బొమ్మా గొట్టంలో దూర్చి చూసింది. బాతు పట్టలేదు. గిలక్కాయ పట్టలేదు, లాగితే ఊడలేదు కూడా. బొమ్మ కన్ను మాత్రం లాగగానే చేతిలోకి వచ్చింది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "చూశారా" అంది, చాలా రోజుల తర్వాత సంతోషంగా.

మధ్యాహ్నం దాటాక నలభై రెండోది ఊడింది. దాని వెనక ప్రమాదం గురించి ఏమీ లేదు. టీచరుగారు పైకి చదివింది: "ఈ కరపత్రాలు సంఘాలకు ఎన్ని కావాలంటే అన్ని ప్రతులు ఉచితంగా పంపబడును. అడగండి."

బద్ద చేతిలో పట్టుకుని భర్త గోడ వంక చూశాడు. గోడ మీద నలభై రెండు తెల్లటి నలుచదరపు మచ్చలు.

"ముందే తెలిస్తే ఆదివారం మిగిలేది" అన్నాడు.

వాటిని మళ్ళీ ఎక్కడా అంటించవద్దని అందరూ ఒక్క మాటగా అనుకున్నారు. ఆయన వాటిని ఎండలో ఆరబెట్టి, బరువు కింద అణిచి, కుట్టి, అట్ట వేసి పుస్తకం చేశాడు. సంఘం గదిలో కొక్కేనికి తగిలించడానికి తాడు కూడా పెట్టాడు.

"ఈ పని మొదట్లోనే చెయ్యొచ్చు కదండీ?" అంది టీచరుగారు.

"నన్ను జిగురు అడిగింది" అన్నాడాయన. "పుస్తకం అడగలేదు."

సోమవారం పొద్దున్న కూతురు దుకాణం యూనిఫారం వేసుకుని, పిల్లని ఎత్తుకుని ముందుగదిలో నిలబడింది. ఫారం సంచీలోంచి సగం బయటికి కనబడుతోంది. జాగ్రత్తమ్మ భర్త కాగితాలు కోసే మిషను కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాడు. అక్కడ ఏమీ లేదు.

"అమ్మా. గ్యాసు వాసనొస్తే?"

జాగ్రత్తమ్మ నోట్లోకి ముందు పక్కే వచ్చింది. గాలికన్నా బరువు, నేల మీద, నిప్పురవ్వ. దాన్ని మింగింది. "మీట కట్టేస్తాను. కిటికీలు తీస్తాను. స్విచ్చు ముట్టను. పిల్లని తీసుకుని బయటికి పోతాను. బయటికి వెళ్ళాకే ఫోను."

"ఏదో గొంతుకి అడ్డం పడి ఊపిరాడకపోతే?"

ఆవిడ మొహం పాలిపోయింది. కానీ చేతులు కదిలాయి. లేని పిల్లని ముంజేతి మీద బోర్లా వేసుకుంది. "తల కిందికి ఉంచి, వీపు మీద భుజాల మధ్య అరచేత్తో అయిదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము మధ్య రెండు వేళ్ళతో అయిదు నొక్కులు. రాకపోతే మళ్ళీ. మీ నాన్న ఈలోగా అంబులెన్సుకి ఫోను చేస్తారు."

"చేస్తాను" అన్నాడు మిషను కిందనుంచి భర్త.

కూతురు తల ఊపింది. పిల్లని ఇవ్వలేదు. సరిగ్గా తల్లి కళ్ళలోకి చూసింది.

"ఏమీ జరక్కపోతే?"

జాగ్రత్తమ్మ తికమక పడింది. నలభై రెండింటిలోనూ వెతికింది. ముందు పక్కా లేదు, వెనక పక్కా లేదు. ఇన్నేళ్ళ బతుకులో ఆవిడని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, ఆవిడ కూడా వేసుకోలేదు.

"ఏమీ జరక్కపోతే..." అంది మెల్లగా. "అన్నం మెత్తగా పిసికి పెడతాను. బాతు ఇస్తాను. జోకొట్టి పడుకోబెడతాను. లేచాక నువ్వొచ్చేదాకా వాకిట్లో తిప్పుతాను."

కూతురు పిల్లని అందించింది. పిల్ల బరువు చేతుల్లోకి రాగానే జాగ్రత్తమ్మకి వెన్నులో వణుకు పుట్టింది. ఆ వణుకుతోనే గట్టిగా పట్టుకుంది.

"సాయంత్రం వస్తాను" అని కూతురు మెట్లు దిగింది.

"జాగ్రత్త" అంది ఆవిడ. అలవాటు పోదు.

సంచీ మాత్రం అక్కడే ఉంది, పిల్ల బట్టలతో, పాలసీసాతో. ఫారం పైకి పొడుచుకొచ్చి ఉంది. మొన్న చదివిన పక్కే కనబడుతోంది. వయసు, బరువు, పాలు పట్టే వేళలు. ఆవిడ దాన్ని బయటికి లాగింది. కాగితం పట్టుకున్న చెయ్యి చల్లబడింది. కింద పెట్టెయ్యబోయి, ఆగింది.

కింద కుడి మూల చిన్న బాణం ఉంది.

వెనక్కి తిప్పింది. ఎన్ని గంటలకి వదులుతారు, ఎవరు వచ్చి తీసుకెళ్తారు, ఏ తేదీనుంచి, తల్లి సంతకం. గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. శనివారం సాయంత్రం కూడా ఖాళీగానే ఉండి ఉంటాయి.

"ఏముంది అందులో?" అడిగాడు భర్త, మిషను కిందనుంచి లేస్తూ.

"ఏమీ లేదు" అంది జాగ్రత్తమ్మ.

ఫారాన్ని తెచ్చి బల్ల మీద, కళ్ళజోడు పెట్టె కింద, ఎక్కడిదక్కడ పెట్టింది. ఏ పక్క పైకి ఉంచాలా అని ఒక్క క్షణం ఆలోచించి, ఖాళీ పక్కే పైకి ఉంచి, పిల్లకి బాతు ఇచ్చింది. పిల్ల బాతుని కింద పడేసి తన కాలు పట్టుకుంది.